భుజం మీద తట్టు

కప్చగాయ్ సరస్సు ఒడ్డున ఆ పాత క్యాసినో మూతపడి చాలా కాలమైంది. లోపల కరెంటు కూడా లేదు. రూలెట్ జూదపు చక్రం ఊడదీసి అమ్ముకుందామని కుల్యాష్, ఆమె మరిది బొలాట్ ఆ రాత్రి టార్చిలైటుతో లోపలికి దూరారు. ఒకప్పుడు ఆ బల్ల దగ్గర బంతి తిప్పే ఉద్యోగం కుల్యాష్‌దే.

బొలాట్ ఆటగాళ్ల కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. "వదినా, ఆఖరుగా ఒక్క ఆట తిప్పవా?"

"నీ మొహానికి పందెం కూడానా? ఏం పెడతావురా?"

"జేబులో ఒక్క తెంగే నాణెం కూడా లేదు. నన్నే పెడతా. ఓడితే ఇక్కడే ఉండిపోతా!" టోపీ తీసి బల్ల మీద ఇరవై తొమ్మిది అని ఉన్న గడిలో పెట్టాడు.

ఆమె నవ్వుతూ బంతి విసిరింది. అది గరగరమంటూ చక్రం అంచున తిరుగుతోంది. అప్పుడే ఎవరో ఆమె భుజం తట్టారు.

క్యాసినోలో భుజం తడితే డ్యూటీ దిగాలి, బల్ల తర్వాతి మనిషికి అప్పగించాలి. ఏళ్ల నాటి అలవాటు. వెనక్కి చూడకుండానే ఆమె చేతులు ఒకసారి చరిచి, ఏమీ దాచలేదని ఖాళీ అరచేతులు పైనున్న చచ్చిన కెమెరాకు చూపించి, పక్కకు జరిగింది.

జరిగాక గుర్తొచ్చింది. ఇక్కడ ఉన్నది తామిద్దరే. బొలాట్ ఎదురుగానే ఉన్నాడు.

అతను ఆమెను చూడటం లేదు. ఆమె ఖాళీ చేసిన చోటునే చూస్తున్నాడు.

"ఒరేయ్, టోపీ తీసెయ్!"

అతని చెయ్యి టోపీ దాకా వెళ్లింది.

"ఇక పందేలు చాలండి," అంది ఆ చోటు నుంచి ఒక మర్యాదైన గొంతు. ఆ మాట పడ్డాక పందెం ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. బొలాట్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బంతి చప్పుడు నెమ్మదించింది. పైనున్న కెమెరా మెల్లగా బొలాట్ వైపు తిరిగింది.