గోడకెక్కిన చెమ్మ

“చివరి మాట ఏమిటి?”

ఎవర్ట్ బైబిలు మూసి, ఖాళీ గిన్నెల అవతల కూర్చున్న యోరిస్‌ను అడిగాడు.

“విధి,” అన్నాడు యోరిస్.

“ఊఁ,” అన్నాడు ఎవర్ట్. ఆ ఊళ్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

పక్క పట్నంలో పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ఎవర్ట్ కూతురు గెర్డీన్, ఆ సాయంత్రం యోరిస్ కారులో ఇంటికి వస్తూ దారిలోనే పాఠం చెప్పింది. వాళ్ల నాన్న రోజూ రాత్రి భోజనం కాగానే, ముందురోజు ఆపినచోటి నుంచి ఒక అధ్యాయం చదువుతాడు. మూయగానే ఎవరో ఒకరిని చివరి మాట అడుగుతాడు. చెప్పలేనివాడు విననట్టు లెక్క. వాక్యం విననివాడికి పిల్లనివ్వడు. ఆ ఇంటి ఆడపిల్ల గడప దాటేది పెళ్లితోనే.

“మిగతాదంతా గాలికొదిలెయ్,” అంది గెర్డీన్. “చివరి మాట పట్టుకుంటే చాలు. మాటలొచ్చినప్పటి నుంచీ నేనలాగే నెట్టుకొస్తున్నా.”

రోటర్‌డామ్‌లో పుట్టి పెరిగిన యోరిస్ అంతవరకు బైబిలు తెరిచి ఎరుగడు. తొలి పరిచయంలో ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె “నిజంగానా? ఒక్కసారి కూడానా?” అని అతని చేయి పట్టుకుంది. జాలిపడిందనుకున్నాడు.

చిక్కేమిటంటే, ఆనాటి అధ్యాయం లేవీయకాండంలోది. ఇంటి గోడలకు పట్టే కుష్ఠు గురించి, యాజకుడు అంటే పూజారి వచ్చి దాన్ని పరీక్షించడం, తగ్గకపోతే ఇల్లు కూల్పించడం గురించి. యోరిస్ ఉద్యోగం అద్దె ఇళ్లలో చెమ్మనూ బూజునూ తనిఖీ చేయడం. నోరు ఊరుకోలేదు.

“ఒక్కమాటండీ. ఆ యాజకుడు లోపలికి రాకముందే సామాను బయట పెట్టించాడు చూశారా? నేనెంత మొత్తుకున్నా మావాళ్లు ఆ పని చెయ్యరు. ఏడు రోజులు మూసిపెట్టి మళ్లీ చూడటమూ సరైన పద్ధతే.”

ఎవర్ట్ కళ్లజోడు తీశాడు. “దేవుని మాట అబ్బాయ్. సరిగ్గానే ఉంటుంది.”

బల్ల కింద గెర్డీన్ అతని కాలు తొక్కింది. సాగనంపడానికి కారు దాకా వచ్చి నిలదీసింది.

“చివరి మాట చాలన్నానా లేదా?”

“పాసయ్యాను కదా.”

“పాసైతే చాలు. ఫస్టు రమ్మని ఎవరడిగారు?”

అయినా ఆ కూల్చిన ఇంటి రాళ్లను ఏం చేశారో మరోసారి చూడాలనిపించి యోరిస్ ఒక బైబిలు కొన్నాడు. రాళ్ల సంగతి తేలిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు. పొద్దున్నే కాఫీతో పాటు నాలుగైదు అధ్యాయాలు. నియమాలను తనిఖీదారుగా చదివాడు, యుద్ధాలను విసుక్కుంటూ చదివాడు, కీర్తనల దగ్గర కాఫీ చల్లారిపోయింది. విశ్వాసం అతనిలోకి గోడకు చెమ్మ ఎక్కినట్టే ఎక్కింది, పునాదిలోంచి, చప్పుడు లేకుండా. ఒకనాడు పుస్తకం మూసి, అలవాటు లేని చేతులు జోడించాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో రుజువు చేయగలిగేవాడు కాదు. ఒంటరిగా ఉన్నట్టు మాత్రం లేదు.

గెర్డీన్‌కు చెప్పలేదు. తన మెప్పు కోసమే అనుకుంటుందేమోనని సంకోచం. శనివారం భోజనాల దగ్గర అతను ఏదో ప్రశ్న వేసినప్పుడల్లా ఆమె దుంప ముక్కలను చెంచాతో మెత్తగా మెదిపేది. తాను తప్పు మాట్లాడి పెళ్లి చెడగొడతానని భయపడుతోంది కాబోలు అనుకున్నాడు.

వసంతం వచ్చాక ఒక శనివారం ఎవర్ట్ బైబిలును బల్ల మీదుగా అతని వైపు జరిపాడు.

“ఇవాళ నువ్వు చదువు.”

గెర్డీన్ తల్లి చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆ పుస్తకం ఇంతవరకు మరొకరి చేతికి పోలేదు. వచ్చిన అధ్యాయం యూదా గోత్రపు ఊళ్ల పేర్లు. యోరిస్ ఒక్క ఊరూ వదలకుండా, ప్రతిదాంట్లో తన బంధువులున్నట్టు చదివాడు.

ఎవర్ట్ చివరి మాట అడగలేదు.

“నువ్వొచ్చింది పిల్లకోసమని తెలుసులే.”

“అవునండీ. మొదట్లో ఆమె కోసమే విన్నాను. ఇప్పుడు...” యోరిస్ బైబిలు మూశాడు. “ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా చదువుతాను. ప్రార్థన కూడా చేస్తున్నాను.”

తల్లి చెంగులాగా ఏప్రన్ కొస ఎత్తి కళ్లద్దుకుంది. ఎవర్ట్ బైబిలు అందుకుని తన పక్కన పెట్టుకున్నాడు.

“రేపు చర్చిలో మా బెంచీలో కూర్చో. పెళ్లయ్యాక పక్కిల్లు మీది. గోడ మధ్యనుంచి తలుపు పెట్టిస్తా. రాత్రి చదువుకు అందరం ఈ బల్ల దగ్గరే.”

“అంతకంటే ఏం కావాలండీ,” అన్నాడు యోరిస్, నిజంగానే.

అందరూ గెర్డీన్ వైపు తిరిగారు. ఆమె యోరిస్ ముఖంలోకి, తనిఖీకి వచ్చిన మనిషి గోడను చూసినట్టు చూసింది.

“ఈ ఇంట్లోంచి బయటపడదామనే నిన్ను ఎంచుకున్నాను.”