వెన్న కాచిన గిన్నె

ఇప్పటి పొయ్యిలు గొట్టంలో ఊదించి పిల్ల ఊపిరి చూస్తే గానీ వెన్న కాచనివ్వవు. మా మనవరాలు హిమజకు ఉబ్బసం. కొవ్వు ఎక్కువ తిన్న రోజున దాని ఊపిరిగొట్టాలు వాస్తాయట, పీల్చే మందూ సరిగా పనిచేయదట.

వెన్న కాచిన గిన్నెలో వేడన్నం కలిపి పెట్టకపోతే నాకు తోచదు. అందుకే మొన్న పిల్ల బదులు గొట్టంలో నేనే ఊదాను. పొయ్యి వెలిగింది. సాయంత్రానికి పిల్లకు పిల్లికూతలు మొదలయ్యాయి.

ఇవాళ మళ్ళీ వెన్న కాచబోతే హిమజే గొట్టం నా నోటికి పెట్టింది.

"నువ్వే ఊదెయ్యవే అమ్మమ్మా, పొయ్యికేం తెలుస్తుంది?"

"నాకు తెలీదటే? మొన్న నీ వీపు రాసిందెవరు? ఊదు."

ఊదింది. పొయ్యికి ఎర్రదీపం వెలిగింది, మంట రాలేదు. వెన్న ఫ్రిజ్‌లో పెట్టేసి ఇద్దరం చారన్నం తిన్నాం. నేనూ నెయ్యి వేసుకోలేదు.