వెనక్కి తిరిగిన సీటు

"ఇదీ బాగాలేదు," అంది ఆవిడ.

సేల్స్ అమ్మాయి పళ్ల బిగువున నవ్వింది. కారులో పిల్లల్ని కూర్చోబెట్టే సీట్లు ఆ షాపులో ఎన్ని రకాలున్నాయో అన్నీ ఇప్పుడు నేలమీదే ఉన్నాయి. ఒకదానికి బెల్టు గట్టి. ఒకదానికి గుడ్డ గరుకు. ఇంకోదానికి తల దగ్గర మెత్త ఎత్తు. ఎర్ర సీటు చూసి, అంత ఎరుపు కళ్లెదురుగా ఉంటే పాప నిద్రపోదంది. వంకలు పెట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి.

పాప మాత్రం ఆవిడ చంకన హాయిగా కూర్చుని, ఆవిడ మెడలోని గొలుసు నములుతోంది.

వెనకాల భార్యాభర్తలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇద్దరూ ముప్ఫైలలో ఉన్నవాళ్లు. చీకటి పడేలోగా పాపను తీసుకుని బయలుదేరాలి. ఊరు దూరం, మధ్యలో కొండదారి. సరైన సీటు లేకుండా పాపను కారెక్కించేది లేదని ఆవిడ తెగేసి చెప్పింది. నిజానికి వాళ్లు ఒక సీటు తెచ్చుకున్నారు. అది కాస్త పెద్ద పిల్లల సీటు. కూర్చోబెడితే పాప అందులో మునిగిపోయింది. భుజం మీదికి రావాల్సిన బెల్టు చెవి దగ్గరికొచ్చింది.

"వయసు చూసి కొన్నామమ్మా. రెండేళ్లు కావస్తోంది కదా అని..." భర్త నీళ్లు నమిలాడు.

"సీట్లో కూర్చునేది వయసా, పాపా?" అంది ఆవిడ.

పాప బరువెంతని సేల్స్ అమ్మాయి అడిగితే భర్త భార్య వంక చూశాడు, భార్య ఆవిడ వంక చూసింది. తొమ్మిది కిలోలకు కాస్త తక్కువని ఆవిడే చెప్పింది. బాగుంది సంబరం, కనేసి నాయనమ్మ మీద పడేస్తే బరువేం తెలుస్తుంది అనుకుంది సేల్స్ అమ్మాయి. ఇలాంటి అత్తగారు మాత్రం తనకు రాకూడదని కూడా అనుకుంది.

"ఇవాళ దొరక్కపోతే కొంపలేం మునిగిపోవు. వచ్చే వారం వెళ్లొచ్చు," అంది ఆవిడ ఎటో చూస్తూ.

"నాకు సెలవు లేదమ్మా," అన్నాడు భర్త.

"ఇంటిదగ్గర అందరూ పాప కోసం ఎదురుచూస్తున్నారండీ," అంది భార్య మెల్లగా.

"చూస్తే చూడనీ. ఇన్నాళ్లు ఆగినవాళ్లు ఇంకో వారం ఆగలేరా?"

భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. భర్త మళ్లీ గడియారం చూసుకున్నాడు. పెద్దామె మొండితనానికి ఇద్దరూ అలా తలవంచుకుని నిలబడటం చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. సేల్స్ అమ్మాయికి మండింది కూడా. లోపలి గదిలోకి వెళ్లి ఆఖరి సీటు మోసుకొచ్చింది.

"ఇది కన్వర్టబుల్ అమ్మా. పాప చిన్నది కాబట్టి ఇప్పుడు వెనక్కి తిప్పి బిగించుకోవచ్చు. ఎదిగాక ఇదే సీటు ముందుకు తిప్పుకోవచ్చు. నాలుగేళ్లు వచ్చేదాకా ఇంకోటి కొనక్కర్లేదు."

ఆవిడ సీటు ముందు చతికిలబడింది. బెల్టు లాగి చూసింది. బకిల్ పెట్టి తీసింది, మళ్లీ పెట్టింది. గుడ్డ తన చెంపకు ఆనించి చూసుకుంది. పాపను కూర్చోబెట్టి, భుజం దగ్గర బెల్టు కింద వేలు దూర్చింది. పాప కాళ్లు చాపుకుని, బొటనవేలు నోట్లో వేసుకుని ఆవులించింది.

ఆవిడ చాలాసేపు వెతికింది. వంక దొరకలేదు. దొరకనందుకు ఆవిడకు ఏడుపొచ్చింది.

"ఇదే తీసుకోండి," అంది.

"వెనక్కి తిప్పితే పాపకు ముందున్న మా మొహాలు కనిపించవేమోనండీ," అంది భార్య. "ముందుకు పెట్టుకుంటే..."

"కుదరదు. మెడ ఇంకా లేతది, గట్టిగా బ్రేకు పడితే తట్టుకోలేదు. మీ మొహాలు చూడటానికి దానికి బోలెడంత జీవితం ఉంది."

ఆ మాట అన్నాక ఆవిడ గొంతు కాస్త దిగింది.

"నువ్వు వెనక, దాని పక్కన కూర్చో. ఏడిస్తే పాటలు పాడకు, ఇంకా ఏడుస్తుంది. అరికాలు నిమిరితే చాలు."

భార్య గబగబా తల ఊపింది.

బయట కారులో భర్త సీటు బిగించాడు. ఆవిడ దాన్ని పట్టుకుని బలమంతా పెట్టి ఊపింది. అది ఇసుమంత కూడా కదల్లేదు. పాపను కూర్చోబెట్టింది. పాప గొలుసు వదల్లేదు. ఆ వేళ్లు ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. ఆ పని ఆవిడే చేసింది.

భార్య ఆవిడ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని కారెక్కింది.

"మెల్లగా నడుపు," అని భర్తకు చెప్పి ఆవిడ పక్కకు తప్పుకుంది.

కారు కదిలింది. పాప మొహం వెనక్కే ఉంది. వెనక అద్దంలోంచి ఆవిడనే చూస్తోంది. ముందు ఆటనుకుని నవ్వింది. తర్వాత చేతులు చాచింది. కారు మలుపు తిరిగేలోగా పాప నోరు పెద్దగా తెరుచుకోవడం కనిపించింది. ఏడుపు మాత్రం ఇక్కడిదాకా రాలేదు.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సేల్స్ అమ్మాయికి ఇప్పుడు జాలేసింది.

"సెలవులకు తీసుకొస్తారులెండమ్మా," అంది.

ఆవిడ మెడలోని గొలుసు సర్దుకుంది. ఇంతలో ఫోను మోగింది. అవతలి గొంతు ఎప్పటిలాగే హడావిడిగా ఉంది.

"దత్తత తీసుకున్నవాళ్లు పాపతో బయలుదేరిపోయారు కదమ్మా, మరి ఇవాళ పొద్దున మన ఆశ్రమానికి వచ్చిన ఇంకో పసిబిడ్డను, ఎవరో ఒకరు దొరికేదాకా, మీ ఇంటికి పంపమంటారా?"