ఉత్త నీళ్ళు

"ఇదీ క్లోరైడే వచ్చిందే తులసీ!" సీతారత్నం టెస్ట్ ట్యూబ్ పైకెత్తి చూపించింది.

తెల్లారితే కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. ఆర్గానిక్ అంతా నోటికి వచ్చేసింది గానీ, కాలేజీ లాబ్‌లో ఇద్దరూ కలిసి చేస్తున్న సాల్ట్ ఎనాలిసిస్ మాత్రం తేలడం లేదు. ఏ సాల్ట్ కరిగించి సిల్వర్ నైట్రేట్ వేసినా, ఉప్పులో ఉండే క్లోరైడ్ ఉన్నట్టే పెరుగులా తెల్లగా విరిగిపోతోంది. సీసా మీద చూస్తే క్లోరైడ్ ఊసే లేదు.

"నా పని అయిపోయిందే. రేపు సున్నాయే నాకు."

"సాల్ట్ వెయ్యకుండా ఉత్త నీళ్ళతో చేసి చూడు," అంది లక్ష్మీతులసి.

రత్నం చేసింది. రెండు చుక్కలకే నీళ్ళు తెల్లగా విరిగాయి.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. "ఓసినీ, ఉప్పు నీళ్ళలోనే ఉందా! భయంతో చచ్చేను కదే. నువ్విచ్చినవి డిస్టిల్డ్ వాటర్ కాదూ?"

"కాదు. మా బావి నీళ్ళు."

రత్నం నవ్వు ఆగిపోయింది.

"మీ రొయ్యల చెరువు ఉప్పు మా బావిలోకి దిగిందని మొన్న పంచాయతీలో మా అమ్మ మొత్తుకుంది. నోటి మాట చెల్లదు, రుజువు తెమ్మన్నారు మీ నాన్నగారు. అమ్మ ఇప్పటికీ కాలవ అవతల్నుంచే బిందెలు మోస్తోందే."

తులసి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టింది. అందులోనూ బావి నీళ్ళే.

"నేను చేసి చూపిస్తే మీ నాన్నగారు నమ్మరు. రేపు పరీక్ష అయ్యేక, ఆయన ముందు నువ్వు చెయ్యి."