ప్రశ్న నడుస్తుంటే కత్తి నడవదు

"ఏమయ్యా, కత్తి ఆపావేం?" అన్నాడు డ్రైవరు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నురగ ఆరిపోతోంది.

"ప్రశ్న వచ్చింది గదండీ," అన్నాడు బార్బరు, కత్తి మడిచి. "ప్రశ్న నడుస్తుంటే నా కత్తి నడవదు. ఒకసారి ఆలోచిస్తూ గీస్తే ఒకాయన చెవి తెగింది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను."

ప్రశ్న వేసింది బెంచీ మీద కూర్చున్న పక్క కొట్టు టైలరు. అతని పక్కన రిటైరైన పోస్టుమాను. ఇద్దరికీ క్షవరంతో పనిలేదు. రోజూ పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. బార్బరుతో కలిసి పొడుపుకథలు విప్పుతారు.

"మళ్ళీ చెప్తున్నా, వినండి," అన్నాడు టైలరు. "కోస్తే కిక్కురుమనవు. పీకితే కెవ్వుమంటావు. ఏంటది?"

"పన్ను," అన్నాడు పోస్టుమాను.

"పన్ను కోస్తారటయ్యా పెద్దాయనా ఎక్కడైనా?"

"వెంట్రుక!" అని అరిచాడు డ్రైవరు. "వెంట్రుకే! అయిపోయింది. గీయవయ్యా బాబూ. పదింటికి ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ ఉంది నాకు."

"ఏం పనికండీ?"

"బస్సు డ్రైవరు పనికి. పాత కంపెనీ మూతపడి ఇంట్లో కూర్చున్నాను. మా బావ ఫ్యాక్టరీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి నన్ను పిలిపించాడు. అక్కడి మేనేజరుకి శుభ్రం పిచ్చట. గడ్డంతో కనబడితే గేటు దగ్గర్నుంచే పంపేస్తాడట."

ముగ్గురూ అతని వైపు మెచ్చుకోలుగా చూశారు. ఇంటర్వ్యూకి కాదు, వెంట్రుకకి.

"బుర్ర ఉన్న మనిషే," అన్నాడు పోస్టుమాను. "అయితే ఇందాక తేలనిది ఈయన్నే అడుగుదాం."

ఎంత పొరపాటు చేశాడో డ్రైవరుకి అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుని ఉంటే సగం బాధ తప్పేది.

టైలరు లేచి వచ్చి అద్దం ముందు నిలబడ్డాడు. మెడలోని టేపు తీసి కుడి భుజాన వేసుకున్నాడు. "చూశారా? అద్దంలోవాడు ఎడమ భుజాన వేసుకున్నాడు. కుడి ఎడమలు మారిపోయాయి. మరి తల కిందకీ, కాళ్ళు పైకీ ఎందుకు మారలేదు?"

"అద్దం అంతే! దాని ఇష్టం!"

"అంతే అంటే కుదరదండీ," అన్నాడు బార్బరు. "ముగ్గురం ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే కత్తి."

"కళ్ళు పక్కపక్కన ఉన్నాయి గనక," అన్నాడు పోస్టుమాను. "ఒకదాని కింద ఒకటి ఉంటే తలకిందులయ్యేది."

"ఒక కన్ను మూసి చూడు మరి," అన్నాడు టైలరు.

పోస్టుమాను ఒక కన్ను మూసి చూశాడు. "అలాగే ఉందే," అన్నాడు నీరసంగా.

"పడుకుని చూస్తే?" అన్నాడు బార్బరు.

టైలరు బెంచీ మీద పక్కకి తిరిగి పడుకుని చూశాడు. ఏమీ తేలలేదు. అప్పుడు బార్బరు కళ్ళు డ్రైవరు మొహం మీద పడ్డాయి. మెరిశాయి.

"ఉండండుండండి. ఈయన మొహం సగం నున్నగా ఉంది, సగం నురగ. ఇంతకంటే గుర్తు ఏం కావాలి? కాస్త తల పక్కకి వాల్చండి. ఇంకాస్త. ఇప్పుడు నురగ ఎటుంది?"

"నా మొహాన ఉంది!"

"కోప్పడకండి. కుడికా, ఎడమకా, పైకా, కిందకా?"

గోడ గడియారం ముల్లు పదికి దగ్గరపడుతోంది. డ్రైవరు చేయి చాచాడు. "ఆ కత్తి ఇలా ఇవ్వు. నేనే గీసుకుంటాను."

బార్బరు కత్తిని జేబులో వేసుకున్నాడు. "ఆలోచన తలలో ఉన్నప్పుడు మీ చెయ్యీ నమ్మేది కాదండీ."

"నా తలలో ఏ ఆలోచనా లేదయ్యా! ఉన్నదల్లా ఉద్యోగం!"

"నాకు తట్టింది," అన్నాడు పోస్టుమాను. "అద్దాన్నే అడ్డంగా తిప్పితే?"

ముగ్గురూ కలిసి గోడ మీది అద్దాన్ని మేకు నుంచి దింపడం మొదలుపెట్టారు. డ్రైవరుకి ఓపిక చచ్చిపోయింది. మెడలోని తువ్వాలు లాగి కుర్చీలో పడేసి, ఎడమ చెంప మీది నురగ మోచేత్తో తుడుచుకుని లేచాడు.

"అయ్యో, సగంలో లేస్తారేంటండీ?" అన్నాడు బార్బరు, అద్దం మోస్తూనే. "పొద్దున ఇంకొకాయనా ఇలాగే విసుక్కుని లేచిపోయాడు. ఆయనుంటే ఈపాటికి తేలిపోయేది."

"ఆయనెవరో పుణ్యాత్ముడు. ముందే బయటపడ్డాడు," అని డ్రైవరు వీధిలోకి పరుగెత్తాడు.

ఇంటికి పోయి గీసుకునే వ్యవధి లేదు. దారిలో ఇంకో సెలూను లేదు. జేబురుమాలు ఎడమ చెంపకి ఆనించుకున్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి పంటినొప్పి అని చెప్పాడు. బావ మొహం ఎలా చూడాలి? మేనేజరు రుమాలు తీయమంటే ఏం చెప్పాలి? ఆ ముగ్గురినీ తిట్టుకుంటూ మెట్లెక్కాడు.

గదిలో మేనేజరు మొహానికి అడ్డంగా ఫైలు పెట్టుకుని చదువుతున్నాడు. తెల్లటి చొక్కా, మడత నలగలేదు. ఫైలు దించకుండానే అడిగాడు.

"లైసెన్సు తెచ్చావా?"

"తెచ్చానండీ." అది తీయడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. రుమాలు జారి కింద పడింది.

ఫైలు మీది నుంచి రెండు కళ్ళు పైకి లేచాయి. నున్నటి చెంప చూశాయి. మాసిన చెంప చూశాయి. దాని మీద తుడవగా మిగిలి ఎండిన నురగ చూశాయి. చాలాసేపు చూశాయి.

"క్షమించాలండీ," అన్నాడు డ్రైవరు. ఇక అయిపోయింది అనుకుని వెనక్కి తిరిగాడు.

"ఆగు. తలుపు వేసిరా."

వేసి వచ్చాడు. మేనేజరు మెల్లగా ఫైలు దించాడు. ఎడమ వైపు గుబురు మీసం ఉంది. కుడి వైపు లేదు.

"కూర్చో," అన్నాడు గొంతు తగ్గించి. "ఉద్యోగం సంగతి తర్వాత. ఆ అద్దం సంగతి ఏమైనా తేలిందా?"