కప్పలు ఆగిన వైపు

ఎనభై రెండులో తిరుత్తణి దాటి కే.జీ.కండిగై పోయే రోడ్డు పక్కన, నీళ్ల ట్యాంకు దగ్గర వరదన్ రాత్రి డ్యూటీ చేసేవాడు. తాగునీళ్లలో కలిపే క్లోరిన్ సిలిండరు అక్కడి షెడ్డులో ఉండేది. దాని అడుగున ఇనుము తుప్పుపట్టి పొరలుగా రాలుతోందని అతను రెండుసార్లు చెప్పుకున్నాడు. "ఇంకో నెల తాళుతుందిలే" అన్నాడు ఇంజనీరు.

ఆ రాత్రి వాన వెలిసి, చుట్టూ వరిమళ్లలో కప్పలు హోరెత్తిస్తున్నాయి. ఉన్నట్టుండి షెడ్డు పక్క మడిలో కప్పలు ఆగిపోయాయి. వరదన్ అమోనియాలో తడిపిన గుడ్డను సిలిండరు చుట్టూ తిప్పాడు. గ్యాసు కారుతుంటే తెల్లటి పొగ లేవాలి. లేవలేదు. ఘాటు వాసనా లేదు. బయటికొచ్చేసరికి రెండో మడి కూడా మూగబోయింది. నిశ్శబ్దం గాలివాటున అతని ఇంటివైపు సాగుతోంది.

పరుగున వెళ్లి భార్యను లేపాడు.

"వళ్ళీ, లెయ్యి మే. కొంగు తడిపి ముక్కుకు పెట్టుకో."

"ఏమయిందయ్యా? వాసనే లేదే!"

"కప్పలు నిలిచిపోయినాయి. పక్కకు తప్పుకొని గాలికి ఎదురు పోదాం, రా."

మూగబోయిన మళ్లను పక్కగా చుట్టి, ఇద్దరూ గట్టు పట్టుకుని షెడ్డు దాటి నడిచారు. గాలి మొహానికి చల్లగా తగులుతోంది. ముందున్న మళ్లలో కప్పలు గొంతెత్తి అరుస్తున్నాయి. వరదన్‌కు ప్రాణం కుదుటపడింది. వళ్ళియమ్మ కొంగు దించి నవ్వబోయింది.

అప్పుడు చాలా దూరాన, గాలి వస్తున్న వైపున, ఒక మడిలో కప్పలు ఆగాయి. కాసేపటికి, దానికి ఇవతలి మడిలో.