బావిలో పడ్డ కమ్మ

కమ్మ దొరికేదాకా కదిలేది లేదని ఓదెమ్మ మోటబావి గట్టు మీద బైఠాయించింది. ఆమె కోడలు సునంద ఎడమ చెవి బోసిగా ఉంది. వంగి చూస్తుంటే కమ్మ జారి నీళ్లలో పడిందని చెప్పి, పాపం, తల వంచుకుని నిలబడింది. కొడుకు వీరేశం మాత్రం ఆ ఇద్దరినీ వదిలేసి బావి యజమానురాలు నిఖత్‌ను నిలదీస్తున్నాడు.

నిఖత్ వాళ్ల నాన్న బోరు వేయించాక పనిలేక పడి ఉన్న బావి అది. దాన్ని శుభ్రం చేయించి, పాండిచ్చేరి వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకొచ్చి, స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డు మీద బోర్డు పెట్టింది. నీళ్లలో ఊపిరి పీల్చుకుంటూ చేపల్తో పాటు తిరగొచ్చంటే జనం ఎగబడి వస్తారనుకుంది. వచ్చారు, రాకేం. మోటారు పడిందని ఒకరు, ఫోను పడిందని ఇంకొకరు వచ్చి పిలుచుకుపోయారు. సరదాకు దిగుతానన్న మనిషి ఒక్కరూ లేరు.

ఇలాగైతే లాభం లేదని ఈ ఆదివారం బజారులోని దుకాణాల వాళ్లందరినీ ఇంటిల్లిపాదీ రమ్మని పిలిచింది. ఊరికే దిగి చూడొచ్చని చెప్పింది. అందరూ మిర్చి బజ్జీలు తిని, సిలిండర్ల పక్కన ఫొటోలు దిగి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. సునంద ఒక్కతే, నేను దిగనా అని మెల్లగా అడిగింది. కిరాణా వీరేశం పకపకా నవ్వాడు.

“మన ఇండ్లల్ల ఆడోళ్లు బాయిల పడ్డరంటే పోలీసోళ్లొస్తరు. నడు, పోదాం” అన్నాడు.

అలా పోబోతుండగానే ఈ కమ్మ పడింది.

నిఖత్ వెంటనే సిలిండర్ తగిలించుకుని దిగింది. బావి అడుగంతా చేత్తో తడిమింది. ఒక పాత చెప్పు, తుప్పు పట్టిన గిరక దొరికాయి గానీ కమ్మ జాడ లేదు. వట్టి చేతులతో పైకొచ్చేసరికి వీరేశం ముఖం మాడ్చుకున్నాడు.

“దొరకకుంటే నేనేం లొల్లి పెట్టను” అన్నాడు నిదానంగా. “దుకాణంకొచ్చినోళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్త. నిఖత్ బాయి కాడికి పోతే బంగారం పోతదని.”

అది అరిచినదానికన్నా ఎక్కువ. వీరేశం కొట్లో పొద్దున ఒక మాట పడితే సాయంత్రానికి జఫర్‌గఢ్ చేరుతుంది. ఇక బోర్డు పీక్కుని ఇంట్లో కూర్చోవడమే అనుకుంది నిఖత్. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు సునంద నోరు విప్పింది. “ఏ రాయి పక్కపొంటి పడ్డదో నాకు యాదికున్నది. నన్ను దించితే చూపెడ్త.”

వీరేశం ఒప్పుకోలేదు. ఓదెమ్మ ఊరుకోలేదు. “బంగారం ఊకెనే వస్తదారా? దిగనియ్యి. గా పిల్ల పక్కనే ఉంటదాయె” అని కసిరింది. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు వీరేశానికి లేదు.

ఉబ్బసం, చెవినొప్పి లాంటివి ఏమైనా ఉన్నాయా అని నిఖత్ అడిగి తెలుసుకుంది. గదిలో చీర విప్పించి డైవింగ్ సూటు తొడిగింది. మెట్ల దగ్గర నడుంలోతు నీళ్లలో కూర్చోబెట్టి, నోటితో ఎలా ఊపిరి తీసుకోవాలో, చెవులు దిబ్బడేస్తే ఏం చేయాలో నేర్పింది. ఊపిరి మాత్రం బిగబట్టొద్దని పదే పదే చెప్పింది. సునంద చెప్పినవన్నీ ఇట్టే పట్టేసింది. చేయి పట్టుకుని నిఖత్ ఆమెను మెల్లగా కిందికి తీసుకెళ్లింది.

వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డ రోజులు. ఎండ ఏటవాలుగా లోపలి దాకా దిగుతోంది. రాతి సందుల్లోంచి చేపలు వచ్చి ఇద్దరి చుట్టూ తిరిగాయి. ఒక తాబేలు వీళ్లనసలు లెక్కచేయకుండా పక్కనుంచి పోయింది. నిఖత్ అడుగు వైపు వేలు చూపించింది. సునంద తలూపి, పైన వెలుతురు వైపు చూసింది. మళ్లీ చూపిస్తే మళ్లీ తలూపి, చేపల వెంట చేయి చాచింది. ఎంత తేలిగ్గా తేలుతోందో ఆ మనిషి! ఇన్నాళ్లకు తన బావిలో ఒకరు సంతోషపడటం చూసి నిఖత్‌కు కడుపు నిండిపోయింది. కమ్మ సంగతి ఆమె కూడా మరిచిపోయింది.

గదిలోకొచ్చి తల తుడుచుకున్నాక సునంద కొక్కేనికి తగిలించిన చీర అందుకుని, కొంగుముడి విప్పింది. అందులో కమ్మ ఉంది.

“జర ఎవలకు చెప్పకు చెల్లె” అంది చెవికి పెట్టుకుంటూ. “గిట్ల చెయ్యకుంటే మా ఆయన నన్ను దిగనిస్తడా? నిన్ను పరేషాన్ చేసిన, ఏమనుకోకు.”

నిఖత్‌కు ఒళ్లు మండాల్సిన మాటే. కానీ నవ్వొచ్చింది.

కోడలి చెవికి కమ్మ చూసి ఓదెమ్మ గట్టు దిగింది. వీరేశం ముఖం తేటపడింది. నీ పనితనం గొప్పదని, దుకాణంలో నలుగురికీ చెబుతానని మాటిచ్చి, కారు తీయడానికి వెళ్లాడు. సునంద వెళ్లి కార్లో కూర్చుంది. ఓదెమ్మ మాత్రం చెప్పులు తొడుక్కునే నెపంతో వెనకబడింది. కొడుకు వినడం లేదని చూసుకుని నిఖత్‌ను దగ్గరికి పిలిచింది.

“బిడ్డా, వచ్చే ఐతారం నా ముక్కుపుల్ల పడ్తది. చాపలు మంచిగ కనవడాల్నంటే ఏ దిక్కు పడాలె?”